ఎంగిలి చేసి ఇచ్చిన పుస్తకం

2015 మొదట్లో సంగతి ఇది. హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళి ఇంకా నాలుగు నెలలు కాలేదు. రాజాం బజారు వీధిలో మాకు పుస్తకాల షాపు ఉంది. స్కూళ్ళు తెరిచే రోజుల్లో కాలు పెట్టడానికి చోటుండదు, సంక్రాంతి దాటిందంటే ఈగలు తోలుకోవడమే. అలా ఈగలు తోలుకునే రోజుల్లో తగిలిన బేరమే ఇన్నేళ్ళ వ్యాపారంలో నాకు బాగా గుర్తుండిపోయింది.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారు సాయంత్రాలు గుడిలో పురాణం చెప్పేవారు, పగలు ఈ షాపు చూసుకునేవారు. ఆయనకు పుస్తకమంటే సరస్వతే. కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. పేజీ మూల మడవకూడదు. అన్నిటికంటే పెద్ద నేరం, వేలు నాలికకు తడుపుకుని పేజీ తిప్పడం. "ఎంగిలి చేస్తావురా సరస్వతిని!" అని మొట్టికాయ పడేది. చిన్నప్పుడు నేను తిన్న మొట్టికాయల్లో సగం ఆ పాపానివే. ఆయన పోయాక ఫొటో కట్టించి గల్లాపెట్టె ఎదురుగా పెట్టుకున్నాను. ఇప్పటికీ నా చేతుల మీదే ఆయన చూపు.

ఆ ఏడు తుపాను భయం ఇంకా అందరిలో ఉంది కదా అని, విశాఖ నుంచి వచ్చే సేల్స్ రెప్రజెంటేటివ్, అంటే ప్రచురణకర్తల తరఫున ఆర్డర్లు రాసుకునేవాడు, సర్వైవల్ పుస్తకాలని కొన్ని ఇంగ్లీషువి అంటగట్టాడు. అడవిలోనో కొండల్లోనో చిక్కుకుపోతే ఎలా బతికి బయటపడాలో చెప్పేవి. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు కొంటారని ముందు వరసలో పెట్టాను.

వాటిని చూసి ఆగింది పోలమ్మ. కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఎండుచేపలు తెచ్చి మా సంతలో అమ్ముకునే మనిషి. గంప కింద పెట్టి, లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడింది.

"పంతులుగోరూ, తుపానుకి పనికొచ్చే పుస్తకం ఉన్నాదా?"

"లోపలికి రా అమ్మా."

"ఒద్దు బాబూ, నా కాడ సేపల కంపు. మీ పుస్తకాలకి అంటుకుంటాది."

ఎవరికోసమని అడిగాను. గంపకు ఆనుకుని కూర్చుని చెప్పింది. "మొన్న తుపానుకి నూతినీళ్ళు సెడిపోనాయి. మా మనవరాలికి ఇరేసనాలు పట్టుకున్నాయి. నీళ్ళు పడితే ఇంకా పారతాదని మా వాడోళ్ళంతా సెప్పేరు. నానూ పట్టనివ్వనేదు. పిల్ల తోటకూర కాడలాగ వాడిపోనాది. ఎలాగో ఆసుపత్రికి మోసుకెల్తే డాక్టరమ్మ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినాది. ఆ రోగానికి నీళ్ళే మందంట! ఆ ముక్క ఏ పుస్తకంలోనైనా ఉంటాదా? నాకు సదువు నేదు గాని మా కోడలు రాజేశ్వరి పదో తరగతి సదివినాది. అది మళ్ళీ నీళ్ళోసుకున్నాది. తుపాను మళ్ళీ రాకుండా ఉంటాదేటి?"

ముందు వరసలోంచి అన్నిటికంటే లావు పుస్తకం తీసి తిరగేశాను. ఒక పేజీలో మంచుకొండ మీద పెద్ద ఎలుగుబంటి. పోలమ్మ మెడ సాచి చూసింది.

"ఎలుగులు మాకు కొత్తేటి పంతులుగోరూ, ఉద్దానం తోటల్లో తిరుగుతాయి. ఈ తెల్లదేటి?"

"మంచు. తాగడానికి నీళ్ళు లేకపోతే దాన్ని కరిగించుకోమంటున్నాడు."

"అలాగైతే మంచు తెమ్మని మా అల్లుణ్ణి పంపుతానుండు," అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ పుస్తకాలను తప్పుపట్టలేను, రాసినవాడి దేశంలో అవి పనికొచ్చేవే అయ్యుంటాయి. వచ్చే సంతకు రమ్మని చెప్పి పంపాను.

పుస్తకాలమ్మేవాడికి పుస్తకం వెతకడంలో ఉన్న సరదా అమ్మడంలో ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం షాపుల వాళ్ళకు ఫోన్లు చేసి శాంపిల్ కాపీలు, అంటే చూసి నచ్చకపోతే తిప్పి పంపేసేవి, తెప్పించాను. ఇలాంటి పుస్తకం చేతికొస్తే నేను మొదట తెరిచేది పాముకాటు పేజీ. గాటు పెట్టి రక్తం పీల్చమని ఉంటే అక్కడితో మూసేస్తాను. ఇప్పుడు ఏ డాక్టరూ ఆ పని చెయ్యమనడు. కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చమంటాడు. ఆ ఒక్క పేజీ పాతబడిందంటే మిగతా పేజీలను నమ్మలేం. రెండు పుస్తకాలు అలాగే పోయాయి. అడవి ఆకుల్లో ఏవి తినొచ్చో చెప్పే పుస్తకం ఒకటి ఊరించింది గానీ, బొమ్మలో ఆకులన్నీ ఒకేలా ఉన్నాయి. దాన్ని నమ్ముకుని తింటే తుపాను వదిలేసినవాణ్ణి పుస్తకం పట్టుకుపోతుంది.

ఆఖరి పరీక్ష మా ఆవిడ చేతిలో పెట్టాను. విరేచనాల పేజీ నేను ఒక్కసారి చదువుతాను, ఆవిడ వంటింట్లో ఆ నీళ్ళు కలపాలి, మధ్యలో నన్ను ఏదీ అడగకూడదు.

"చెంచా అంటే ఏ చెంచా? గోపురంగా పొయ్యాలా, అంచుకు సమంగా తలకొట్టాలా?" అంది మొదటి పుస్తకానికే. అది పోయింది. ఇంకోదానిలో ఉప్పు 'తగినంత' అని రాశారు. "పులుసుకు చెప్పినట్టు చెప్పాడు," అని గరిటె కింద పెట్టేసింది. చివరికి ఒకటి దొరికింది. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, డాక్టరు అందని చోట ఇంట్లో ఏం చెయ్యాలో బొమ్మలతో చెప్పే పుస్తకం. కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు, టీ చెంచాతో తలకొట్టు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. గుటక గుటకగా తాగిస్తూ ఉండాలి, తల్లిపాలు మానకూడదు, బిడ్డ డీలా పడితే ఆసుపత్రికి పరుగెత్తాలి. చెంచా బొమ్మ కూడా వేశారు. మా ఆవిడ నోరెత్తకుండా కలిపేసింది.

ఒక్కటే లోపం, అది పర్‌ఫెక్ట్ బైండింగ్. పేరుకే పర్‌ఫెక్ట్, కాగితాల వెన్నుకు జిగురు పూసి అట్టకు అతికించడం అంతే. ఉప్పుగాలికి ఆకులు రాలిపోతాయి. బైండింగ్ పని నాకు వచ్చు కాబట్టి, విప్పి దారంతో కుట్టాను. వెన్నుకు పొందూరు ఖద్దరు ముక్క వేసి, అట్ట మీద బంగారు రంగు అక్షరాలు దిద్దాను. సంత రోజున వచ్చిన పోలమ్మ గంప మీది గోనె సంచికి చేతులు తుడుచుకుని, పుస్తకం అందుకుని నెత్తిన పెట్టుకుంది. ఆ రోజంతా నేను హుషారుగా ఉన్నాను.

మరుసటి ఏడు మా ఆవిడకు సముద్రం చూపిద్దామని కళింగపట్నం వెళ్ళినప్పుడు పోలమ్మ ఇంటికీ వెళ్ళాం. రాజేశ్వరి చంకలో కొత్త పిల్లాడు. పుస్తకం ఏదమ్మా అని అడిగితే సంతోషంగా లోపలికి తీసుకెళ్ళింది. అమ్మవారి పటం ఉన్న గూట్లో పసుపు బట్ట చుట్టి ఉంది నా పుస్తకం. మీద కుంకుమ బొట్టు, మందార పువ్వు.

"శుక్రవారం శుక్రవారం అగరొత్తి ఎలిగిస్తన్నాను పంతులుగోరూ," అంది రాజేశ్వరి.

"చదివావా మరి?"

"సేపలు కోసిన సేతుల్తో ఎలా ముట్టుకుంటాం? పాపం గాదా? తుపానొస్తే స్నానం సేసి తీస్తాను."

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్టే కదా ఇది! పుస్తకం హస్తభూషణమంటారు, ఇక్కడ గూటికి భూషణమై కూర్చుంది. అలాగని కోప్పడడానికి నోరు రాలేదు. నేను పుట్టి పెరిగిన ఇంట్లోనూ ఇదే కదా వరస. పైగా బంగారు అక్షరాలు దిద్దిందెవరు? "అది అమ్మవారి దగ్గరే ఉండనియ్యి. వంటింటికి ఇంకోటి చేసిస్తాను, ఇద్దరూ రాజాం రండి," అని మాత్రం అన్నాను.

అత్తాకోడళ్ళు వచ్చేసరికి రెండోది సిద్ధం చేశాను. అదే పుస్తకం, ముతక అట్ట, మడిచినా మొత్తినా ఊడకుండా స్పైరల్ తీగ, మేకుకు తగిలించడానికి వల దారం. ఇంత అందవికారంగా పుస్తకం చెయ్యడం నాకు అదే మొదలు. రాజేశ్వరి దాన్ని రెండు చేతులా అందుకుంది. అందుకుని కళ్ళకద్దుకుంది.

ఇదీ గూట్లోకే! అప్పుడేం తోచిందో, చటుక్కున ఆమె చేతిలోంచి పుస్తకం లాక్కుని, వేలు నాలిక మీద తడుపుకుని మొదటి పేజీ తిప్పాను.

"అయ్యో, పంతులుగోరూ!" అంది రాజేశ్వరి.

మళ్ళీ తడుపుకున్నాను, రెండో పేజీ. మూడోది. ఎదురుగా నాన్నగారి ఫొటో. ఏ క్షణాన మొట్టికాయ పడుతుందోనని నెత్తి జివ్వుమంది. అయినా ఆపలేదు, చివరి పేజీ దాకా ఎంగిలి వేలితోనే తిప్పాను.

"ఇదిగో, ఎంగిలైపోయింది. ఇంక దేవుడి గూటికి పనికిరాదు. వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన తప్ప దీనికి చోటు లేదు," అని తిరిగి ఇచ్చాను.

పోలమ్మ నవ్వు పట్టలేక మెట్టు మీద కూలబడింది. "ఒసే, పంతులుగోరు పుస్తకానికి ఎంగిలెట్టీసినారే! ఇంకేటి సేస్తావే, పొయ్యి కాడ ఏలాడదియ్యి!"

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. శ్రీకాకుళం తీరమంతా కొబ్బరిచెట్లు పడిపోయాయి, దారులు మూసుకుపోయాయి, కరెంటు లేదు. ఫోన్లు పలకలేదు. షాపులో కూర్చున్నాను గానీ మనసు ఆ పల్లె మీదే ఉంది. రాజేశ్వరి పిల్లలిద్దరూ ఎలా ఉన్నారో అని మా ఆవిడ రోజూ అడిగేది. సంతలో ఎండుచేపల వరస ఖాళీగా కనిపిస్తే భయం వేసేది.

ఒక సంత రోజు పోలమ్మ వచ్చింది. గంప బయట పెట్టి, ఈసారి మెట్టు మీద ఆగకుండా నేరుగా లోపలికి వచ్చి, ప్లాస్టిక్ సంచి ఒకటి బల్ల మీద బోర్లించింది. పుస్తకం అనాలో వద్దో తెలియని వస్తువు పడింది. నూనె మరకలు, పసుపు వేళ్ళ ముద్రలు, కొవ్వొత్తి మైనం చుక్కలు. తడిసి ఆరి పొంగిపోయింది. పాముకాటు పేజీ అసలు లేదు, పక్కింటివాళ్ళు చింపుకెళ్ళి గోడకు అంటించుకున్నారట.

"సిన్నోడికి పట్టుకున్నాయి పంతులుగోరూ, అయే ఇరేసనాలు. దారి నేదు, డాక్టరు నేదు. మా కోడలు పుస్తకం సూడకుండానే నీళ్ళు కలిపీసినాది. దానికి నోటికొచ్చు. పుస్తకం అట్టుకున్నది వాడోళ్ళకి సూపించడానికే. నీళ్ళొద్దు నీళ్ళొద్దని ఒకటే గోల. నాను గుమ్మంలో కూకున్నాను. నీళ్ళొద్దన్నోళ్ళు నా ఇంట్లోకి రావొద్దన్నాను."

"పిల్లాడు?" అన్నాను.

"ఆడికేటి, గుండ్రాయిలాగున్నాడు. దారి తెరిసినాక ఆసుపత్రికి తీసుకెల్లేం. డాక్టరమ్మ ఈసారి నన్ను తిట్టనేదు," అని చీరకొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత బల్ల మీది ముద్దను నా వైపు తోసింది. "పుస్తకం అయిపోనాది. ఇంకోటియ్యి."

ఉప్పు అయిపోయింది, సబ్బు అయిపోయింది అన్నట్టే అంది. ఇన్నేళ్ళలో ఎందరో నా దగ్గర పుస్తకాలు కొన్నారు. బాగుందన్నారు, బాగులేదన్నారు, పోయిందన్నారు. అయిపోయిందని వచ్చిన మనిషి ఈమె ఒక్కతే. ఆపదలో పనికొచ్చే పుస్తకం ఏదని ఇప్పుడెవరైనా అడిగితే, ఇంట్లో అరిగిపోయేదేదో అదే తీసుకోమంటాను. కొత్తగా మిగిలిపోయే పుస్తకం ఎంత గొప్పదైనా తుపానుకు అక్కరకు రాదు.

కొత్త కాపీ తీసి బల్ల మీద పెట్టాను. అలవాటుగా నా వేలు నాలిక దగ్గరకు వెళ్ళబోయింది. ఈలోపే పోలమ్మ పుస్తకం తన వైపు లాక్కుంది. చదువు రాని ఆ మనిషి ఎండుచేపల వాసన వేసే వేలు నాలికకు అద్దుకుని, ఒక్క పేజీ కూడా వదలకుండా చివరి దాకా తిప్పింది.