పెద్దమ్మ పట్టుకున్న చెయ్యి

పోయిన వారం నరసరావుపేటలో ఆసుపత్రికి వెళ్లాను. నాడి చూడటానికి ఒక నర్సు పిల్ల నా కుడి మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నదే తడవు, నా చెయ్యి నన్ను అడక్కుండానే ఆమె బొటనవేలి వైపు తిరిగి, జారి, బయటికి వచ్చేసింది. ఆ పిల్ల బిత్తరపోయి, "ఏంది అమ్మమ్మా, సూది కాదు, ఊరికే చూత్తన్నా" అంది. పొరపాటైందని చెప్పి మళ్లీ చెయ్యి ఇచ్చాను గానీ, ఇంటికొచ్చే దారంతా నవ్వు వస్తూనే ఉంది. అరవై అయిదు దాటిన మనిషికి మోకాలు చెప్పిన మాట వినదు. చేతికి మాత్రం నలభై ఏళ్ల కిందటి పాఠం గుర్తుంది.

ఎనభైల నడుమ నేను మాచర్లలో ఉండేదాన్ని. వెల్దుర్తి రోడ్డు మీద నాపరాళ్లు పాలిష్ పట్టే యార్డులో గుమాస్తాని. లారీ వచ్చినప్పుడు ఎన్ని రాళ్లు ఎక్కాయో రాసుకోవడం, లేనప్పుడు తెల్లటి రాతి పొడిని బల్ల మీద నుంచి తుడవడం, ఇదీ ఉద్యోగం. ఒక పాత మేడ మీద ఒంటి గది. కొండవీడు దగ్గర మా ఊళ్లో అన్నయ్య ఉన్నాడు. ఆడపిల్ల పరాయి ఊళ్లో ఒక్కతే ఉండటం తనకు బొత్తిగా నచ్చలేదు. నా మీద ఏ చిన్న మాట చెవినబడినా మొదటి బస్సుకు వచ్చి పెట్టె సర్దించేవాడు. ఆ గదీ, ఆ జీతమూ నావి. అంతకుమించి నాకంటూ ఏమీ లేదు. మాట్లాడటానికి మనిషి కూడా లేదు. సాయంత్రాలు గ్రంథాలయంలో గడిపేదాన్ని. పదో తరగతితో ఆగిన చదువును అక్కడ బీరువా తర్వాత బీరువాగా పూర్తి చేస్తున్నానని నాకు లోలోపల గర్వం.

యజమాని బావమరిది ఒకడుండేవాడు. బస్సు దిగి యార్డుకు నడిచే మట్టిదారిలో మోటారు సైకిలు అడ్డం పెట్టి కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు మణికట్టు పట్టుకున్నాడు. నేను గింజుకుంటుంటే తీరిగ్గా నవ్వాడు. "ఏం చేత్తావ్? మా బావకి చెప్తావా? చెప్పు, రేపటి నుంచి పనుండదు. మీ అన్నకి రాత్తావా? రాయి, ఎల్లుండి నుంచి ఊళ్లోనే ఉండవు" అన్నాడు. తన ఇష్టం వచ్చినప్పుడు వదిలాడు. వాడు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. అదే నన్ను కుంగదీసింది.

కష్టం వస్తే జనం గుడికో పోలీసు స్టేషనుకో వెళతారు. నేను గ్రంథాలయానికి వెళ్లాను. అట్టడుగు అరలో ఎవరూ ముట్టని ఇంగ్లిషు పుస్తకం ఒకటి దొరికింది. తైక్వాండో. ఊరంతా అన్నిటినీ కరాటే అనేవాళ్లు. కాదు, అది జపాను వాళ్లది, ఇది కొరియా వాళ్లది, ఇందులో ఆత్మరక్షణ భాగాన్ని హోసిన్సుల్ అంటారని చెప్పాలని నాకు మహా ఉబలాటం. చెప్పడానికి ఎవరున్నారు గనక! నిఘంటువు పక్కన పెట్టుకుని, తలుపు గడియ వేసుకుని, బొమ్మలు చూస్తూ గెంతేదాన్ని. కింది నుంచి ఇంటావిడ, "ఏందమ్మాయ్ ఆ దబదబలు? ఇంట్లో కారం కొడతన్నావా?" అని కేకేసేది. అవునండీ అనేదాన్ని.

చెయ్యి విడిపించుకునే పాఠం దగ్గర ఆగిపోయాను. తోటివాడిని మణికట్టు పట్టుకోమనండి, అని ఉంది అందులో. నాకు తోటివాళ్లెవరు? తువ్వాలుతో చేతిని కిటికీ ఊచకు కట్టుకుని లాగి చూశాను. పట్టు ఎప్పుడూ బొటనవేలి దగ్గరే బలహీనంగా ఉంటుంది, చేతిని అటు తిప్పి లాగాలి అంటుంది పుస్తకం. కిటికీ ఊచకు బొటనవేలు ఉండదు. ఆ పూట మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

బస్టాండు వెనక ఒక స్కూటర్ మెకానిక్, హైదరాబాదు గ్యారేజీలో పనిచేసేటప్పుడు ఆ విద్య నేర్చుకొచ్చి, ఆదివారాలు కుర్రాళ్లకు చెబుతున్నాడని తెలిసి వెళ్లాను. నాకొచ్చినదంతా చేసి చూపించాను. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "చెల్లెమ్మా, అన్నీ ఎడం చేత్తో చేత్తన్నావే! బొమ్మలో మనిషి నీకెదురుగా నిలబడ్డాడు. నువ్వు అద్దంలో చూసినట్టు చేశావు" అన్నాడు. నాలుగు నెలల పాండిత్యం ఒక్క నిమిషంలో కూలింది. తర్వాత అతను మొహమాటపడుతూ, పరాయి ఆడపిల్ల చెయ్యి తాను పట్టుకోలేనని చెప్పి, షెడ్డు వెనకనుంచి వాళ్లమ్మను పిలిచాడు.

వాళ్లది దూదేకుల ఇల్లు. పరుపులకు దూది ఏకి ఏకి ఆవిడ వేళ్లు పలుపుతాళ్లలా బిగిసి ఉండేవి. నేను పెద్దమ్మా అన్నాను. ఆదివారం ఆదివారం ఆవిడ ముక్కాలి పీట మీద కూర్చుని నా మణికట్టు పట్టుకునేది. కొడుకు పక్కన స్పానరు తిప్పుతూ, "బొటనేలు వైపు, చెల్లెమ్మా, బొటనేలు వైపు" అనేవాడు.

"ఇడిపించుకో. ఊఁ, రాలా? ఏం తింటన్నావే, చేతిలో సత్తవ లేదు" అనేది ఆవిడ. అని, లోపలికెళ్లి జొన్నరొట్టె తెచ్చి పెట్టేది. పుస్తకంలో ఇట్లా లేదని నేనంటే, "ఆ పుస్తకం రాసినోణ్ణి రమ్మను, పట్టుకుంటా" అనేది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున, యార్డు గేటు ముందే, అందరూ చూస్తుండగా వాడు మళ్లీ చెయ్యి పట్టుకున్నాడు. నేనేమీ ఆలోచించలేదు. చెయ్యి తిరిగింది, వచ్చేసింది. వాడు ఖాళీ పిడికిలి వంక చూసుకుంటూ నిలబడ్డాడు. రాళ్లు మోసే ఒకామె తట్ట దించి, "ఏందయ్యా, జారిందా? చేతికి సబ్బు పూసుకొచ్చావా ఏంది!" అంది. లారీ మీది వాళ్లు కూడా పగలబడి నవ్వారు. ఆ నవ్వు ముందు నా విద్య ఏపాటిది! ఇంత మందిలో నవ్వులపాలైన సంగతి వాడు బావకు చెప్పుకోలేడు. వాడి బండి ఆ దారిలో మళ్లీ ఆగలేదు. అన్నయ్యకు ఏ కబురూ చేరలేదు. గది నాకు మిగిలింది.

ఆదివారం పరిగెత్తినట్టే వెళ్లి పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ అంతా విని, "బతికావు. ఇంక నీకు నాతో పనేముందే, వచ్చేసిందిగా" అంది తేలిగ్గా. ఆ ఊళ్లో నన్ను ఆప్యాయంగా తాకింది ఆ ఒక్క మనిషేనని అప్పుడే తెలిసింది.

"ఇంకొక్కసారి పట్టుకో పెద్దమ్మా" అన్నాను. పట్టుకుంది. నేను కదపలేదు.

"ఇడిపించుకోవే."

"రావడం లేదు" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసింది. పట్టు మెల్లగా సడలింది గానీ చెయ్యి మాత్రం వదల్లేదు. "రాకపోతే ఉండనీలే" అంది.

తర్వాత రెండు మూడు ఆదివారాలు వెళ్లానేమో. ఆపైన ఏవో పనులు, తర్వాత నరసరావుపేటలో వేరే ఉద్యోగం. వెళ్లొస్తానని చెప్పడానికైనా వెళ్లలేదు. ఆవిడ పోయిన కబురు ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో చెప్పారు. మాచర్ల వదిలేటప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో ఆదివారాలు వస్తూనే ఉంటాయనుకుంటాం.