ఒక మాత్ర ఎక్కువ

మదనపల్లెలో మా కళాపాఠశాలలో నేను పిల్లలకు సంగీత నాటకం నేర్పుతాను. అంటే, హార్మోనియం ముందు కూర్చుని తాళం తప్పినవాళ్ల వంక చూస్తాను. జీతం ముఖ్యంగా ఆ చూపుకే.

కిందటేడు కుప్పంలో నాటకాల పోటీ. మా నాటకంలో తప్పిపోయిన ఆవును వెతుక్కునే ఆడమనిషి వేషం చౌడేపల్లె పిల్లకిచ్చాను. పాడి ఉన్న ఇంటి పిల్ల. ‘యాడుండావే’ అని ఎత్తుకుంటే, రోడ్డు మీద టమాటాల ఆటోవాళ్లు కూడా బ్రేకు వేసేవారు.

పోటీకి వారం ముందు మా పెద్దసారు రిహార్సలుకు వచ్చారు. జడ్జీలు కోస్తావాళ్లట, ‘ఎక్కడున్నావే’ అని మార్చమన్నారు. కుదరకపోతే వేషం ఇంకో పిల్లకివ్వమన్నారు.

చిక్కేమిటంటే, ఆ పిలుపుకు పాటలో ఎనిమిదే మాత్రలు. యా, డుం, డా, వే: ఒక్కోదానికి రెండు, లెక్క సరి. ‘ఎక్కడున్నావే’కి తొమ్మిది. అదే చెప్పాను.

“ఒక మాత్రే గదప్పా, సర్దుకో” అన్నారు.

ఒక మాత్ర ఎక్కువైతే ఏమవుతుందో ఏ డాక్టరైనా చెబుతాడు.

మూడు రోజులు ఆ పిల్ల సర్దుకోవాలని చూసింది. ముందు తాళం పోయింది, తర్వాత గొంతు తగ్గింది. పుంగనూరులో జనం ముందు ఒకసారి ఆడి చూసుకున్నప్పుడు, ఆ పాట దగ్గర నోరే పెగల్లేదు. తెర వెనక ఏమైందని అడిగాను.

“అట్ల పిలిస్తే మా ఆవు గూడా తిరిగి సూడదు సార్” అంది. “ఇంగో పిల్లకే ఇయ్యండి.”

మర్నాడు పెద్దసారు దగ్గరకెళ్లి, పాట రాసినట్టే ఉంటుందని, పిల్లను మారిస్తే నేనూ హార్మోనియమూ మదనపల్లెలోనే ఉండిపోతామని మనవి చేశాను. హార్మోనియం వాయించగలవాళ్లను ఆయన చాలాసేపు గుర్తు చేసుకున్నారు. ఎవరూ గుర్తుకు రాలేదు.

కుప్పంలో ఆ పిల్ల ‘యాడుండావే’ అని ఎత్తుకోగానే, వెనక వరసలోంచి ఎవరో “ఈడుండాది తల్లీ” అని బదులిచ్చారు. హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆ గొంతు వచ్చిన వైపుకే తిరిగి, నిజంగా ఆవు అక్కడుందేమో అన్నట్టు రెండోసారి పాడింది. ఇక ఎవరూ నవ్వలేదు.

బహుమతి రాలేదు. మార్కుల కాగితం మీద ‘భాషాదోషం’ అని రాశారు.

ఈ ఏడు నాటకం ఆ పిల్లే రాస్తోంది. మొదటి రంగంలోనే అలాంటి దోషాలు పద్నాలుగు కనిపించాయి. ఇంకొన్ని కావాలని చెప్పాను.