సబార్డినేట్ అత్తయ్య

సబార్డినేట్ అనే మాట నేను నేర్చుకున్నది బళ్ళో కాదు, ఎండుమిర్చి షెడ్డులో. ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది. నలభై మంది ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, కింద కూర్చుని కాయలకు తొడిమలు తీస్తుంటారు. డిగ్రీ చదివానని నన్ను సూపర్‌వైజరుగా పెట్టుకున్నారు. ఆ నలభై మందిలో మా అత్తయ్య ఒకరు.

మొదటిరోజే మేనేజరు కాగితం మీద గళ్ళు గీసి చూపించాడు. పై గడిలో తను, మధ్య గడిలో నేను, కింది గడిలో మిగతా అందరూ.

"వీళ్ళు నీ సబార్డినేట్లమ్మా. అంటే నీ కింద పనిచేసేవాళ్ళు. పిన్నీ, వదినా అని వరసలు కలిపావా, ఇక పని సాగదు" అన్నాడు.

ఆ మాట ఫోనులో వెతికి స్పెల్లింగుతో సహా రాసుకున్నాను. చదువుకున్నదాన్ని కదా.

చిక్కు ప్లాస్టిక్ కుర్చీతో మొదలైంది. మా ఇళ్ళల్లో అత్తగారు కింద కూర్చుంటే కోడలు కుర్చీ ఎక్కదు. అందుకని నాకిచ్చిన కుర్చీ పక్కనే వారం రోజులు నిలబడ్డాను. ట్రేల సంగతీ అంతే. అందరి ట్రేల్లోనూ చెయ్యి పెట్టి, తొడిమలు మిగిలాయేమో చూసేదాన్ని. అత్తయ్య ట్రే మాత్రం చూడకుండానే తూకానికి పంపేదాన్ని.

మేనేజరు కనిపెట్టాడు. "ఏమ్మా, అత్తగారిది చూడవా? రేపు నా ముందు చూడాలి. నీ వల్ల కాదంటే చెప్పు, ఇంకో అమ్మాయిని పెట్టుకుంటా" అని అందరూ వినేట్టు అన్నాడు. నాకు భయం వేసింది. ఆ ఏడు మా పత్తి గులాబీ రంగు పురుగు పాలైంది. ఇంట్లోకి నెలజీతమంటూ వచ్చేది నాదొక్కటే.

మర్నాడు ఆయన నా వెనకే నిలబడ్డాడు. అత్తయ్య ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది. చెయ్యి పెట్టి కలిపి చూశాను. పైనే గుప్పెడు కాయలు తొడిమలతో సహా ఉన్నాయి.

"ఇవి మళ్ళీ తీసి తీసుకురండి" అన్నాను. షెడ్డంతా చేతులు ఆగిపోయాయి.

"అట్నేనండి మేడమ్" అని ట్రే ఎత్తుకుని వెళ్ళిపోయింది అత్తయ్య. మేనేజరు తలాడించి, నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ఆ రోజంతా అందులో ముళ్ళ మీద ఉన్నట్టే ఉన్నాను.

సాయంత్రం ఆటోలో ఆవిడ మొహం చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. "తప్పయిపోయింది అత్తయ్యా" అన్నాను.

"ఇంకాస్త గట్టిగా అనాల్సింది. వెనక కూర్చున్నోళ్ళకి వినపళ్ళా" అంది.

నేను తలెత్తి చూశాను. ఆవిడ ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి దులుపుకుంటోంది.

"ఇరవయ్యేళ్ళ నుంచి తీస్తన్నానే పిచ్చిమొహమా. నా ట్రేలో తొడిమ ఉందంటే, నేను ఉంచితేనే ఉంటది."