డిక్కీలో వంపు కడ్డీ

పెళ్లయిన ఏడాది కొన్న మా ఏపీ–పది నంబరు కారుకు పదిహేడేళ్లు నిండిన నవంబరులో నా భార్య గడువు విధించింది. "క్రిస్మస్ పాటలకు వెళ్లేలోపు ఆ కిర్రుమనడం ఆగాలండీ. లేదంటే అమ్మేద్దాం."

ఆమె చర్చి గాయకబృందంలో హార్మోనియం వాయిస్తుంది. అపస్వరం ఓర్వని చెవి ఆమెది. అయినా ఆ చప్పుడును అయిదేళ్లు భరించింది. నేను ఆమెకు డ్రైవింగ్ నేర్పిన బండిని అమ్మడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

పాతబడిన బండి బాడీ మెలితిరగడమే మూలమని మెకానిక్ తేల్చాడు. బిగింపు కోసం ఉక్కు కడ్డీలు మూడు రకాలు చూపించాడు: ఇంజన్ మీద అడ్డంగా వేసేది, బండి అడుగున వేసేది, డిక్కీలో వెనక సీటు వీపున వేసేది. అడుగుది వెంటనే కాదన్నాను. నేలకు నలభై మిల్లీమీటర్లు దగ్గరవుతుంది, మెట్టుగూడ స్పీడ్ బ్రేకర్లకు తగులుతుంది. మిగిలిన రెంటిలో ఏది కావాలో తేల్చడానికి ఒక్కొక్క చక్రాన్నీ చెక్కదిమ్మ మీదికి ఎక్కించి, బాడీ మెలితిరిగినప్పుడు తలుపుల సందులు ఎంత మారుతున్నాయో కొలిచాను. తేడా ముందు తలుపుల దగ్గరే ఎక్కువ. 'ఇంజన్ మీది కడ్డీ' అని నోటుపుస్తకంలో రాసి, కింద గీత గీశాను.

మెకానిక్ ఆ పేజీ చూసి నవ్వాడు. "ఖాళీ బండిని కొలిస్తే ఏం సమజైతది సార్? మీ బండి ఖాళీగ ఎన్నడన్న తిరిగిందా?"

నిజమే. ఆదివారాలు అందులో నా భార్య, బృందంలోని మరో ముగ్గురు స్త్రీలు ఉంటారు, డిక్కీలో హార్మోనియం ఉంటుంది. తర్వాతి ఆదివారం ఆరాధన ముగియగానే అందరినీ నేరుగా మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాను.

"తూకానికా అన్నయ్యగారూ మమ్మల్ని తెచ్చింది? ముందే చెబితే పొద్దున టిఫిన్ మానేసేవాళ్లం!" అంది ఒకామె.

"నువ్వు మాట్లాడకు వదినా, బండి నీవైపే ఒరిగింది," అంది పక్కనున్నామె.

చక్రం దిమ్మ ఎక్కగానే నా భార్య కళ్లు మూసుకుంది. "వెనక నుంచండీ. నా కుడి భుజం వెనక."

కొలత కూడా ఆమె మాటనే బలపరిచింది. వెనక తలుపు సందులో తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు. ముందు అందులో సగమే. గీత గీసిన మాటను కొట్టేశాను.

మెకానిక్ డిక్కీలో తిన్నని కడ్డీ బిగించాడు. తేడా అర మిల్లీమీటరుకు దిగింది. చప్పుడు పూర్తిగా పోయింది. నా సంతోషం హార్మోనియం పెట్టె కడ్డీకి అడ్డుపడేదాకానే నిలిచింది. పెట్టె పట్టడానికి కడ్డీ కింద రెండు వేళ్ల ఎత్తు తక్కువైంది.

"నిలబెడితే?" అన్నాను.

"లోపలి రీడ్లు పాడవుతాయి. ఒళ్లో పెట్టుకుంటాలెండి," అంది నా భార్య.

మధ్యలో పైకి వంచిన కడ్డీ మరొకటి ఉంది. "గిది జెర మెత్తగుంటది సార్. తిన్నగున్నదే పక్కా," అన్నాడు మెకానిక్. దాన్నీ వేయించి కొలిచాను: ముప్పావు మిల్లీమీటరు. సన్నని కిర్రు ఒకటి మిగిలింది. కొలతల ప్రకారం తిన్ననిదే మేలు. కానీ పధ్నాలుగు కిలోల పెట్టెను ఒళ్లోకి తీసుకోవడానికి ఆమె అప్పటికే చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

"వంపుదే ఉంచెయ్," అన్నాను.

క్రిస్మస్ పాటలకు సైనిక్‌పురి వెళ్తున్నప్పుడు, ఒక గుంటలో ఆ మిగిలిన కిర్రు వినిపించింది. వేగం తగ్గించాను. ఓరగా ఆమె వైపు చూశాను.

"గుంటలు చూసి నడపండి, పెట్టె అదురుతుంది," అని పాటల పుస్తకంలో పేజీ తిప్పింది. అమ్మకం మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.