పాటల పెట్టెకు గాలి

ముకుందానికి రెండు వస్తువులు చూపించి ఒకటి తీసుకోమంటే చాలు, ఆ పూటకు ఆ మనిషి ఇంకెందుకూ పనికిరాడు. మార్కెట్లో వంకాయల కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఒక్కో కాయనూ తిప్పితిప్పి చూస్తుంటే అమ్మే చెంగమ్మకు ఒళ్లు మండేది. "సామీ, కూరకా, పెండ్లిచూపులకా?" అనేది. టేబుల్ ఫ్యాను కొంటానని ఎండలు మొదలయ్యేటప్పుడు బయల్దేరి వానలు పడ్డాక తెచ్చిన ఘనుడు. అదృష్టం కొద్దీ బతుకులో పెద్ద విషయాలేవీ అతని చేతికి రాలేదు. దేవస్థానం ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం నాయన తర్వాత అతనికి వచ్చింది. పెళ్లాం కుముదవల్లిని కూడా అతని అమ్మే నాగలాపురం వెళ్లి చూసి, తాంబూలాలు మార్చుకుని వచ్చింది. "నన్నే చూసి రమ్మనుంటే ఇప్పటికీ మీనమేషాలు లెక్కపెడతానే ఉందును" అని అతనే చెప్పుకుని నవ్వేవాడు.

కుముదవల్లి వస్తూ వస్తూ పుట్టింటి నుంచి పాటలు తెచ్చుకుంది. వాళ్ల అవ్వ కట్టుకున్న పెళ్లిపాటలు. నలుగు పెట్టేటప్పుడు ఒకటి, ఊంజలలో కూర్చోబెట్టి ఊపేటప్పుడు ఒకటి, తలంబ్రాలకు ఒకటి, అన్నీ అయ్యాక పీటల మీద ఇద్దరికీ మంగళహారతి. ఆ హారతి పాటలో ఏడుకొండలు దిగి పెళ్లికి వచ్చిన స్వామిని ఇంటివాళ్లు పలకరిస్తారు. "కొండ దిగి వచ్చినావు, కాళ్లు నొచ్చెనేమో, కూర్చుండవయ్యా" అని మొదలవుతుంది. తిరుపతిలో వాళ్ల బంధువుల ఇళ్లల్లో ఏ పెళ్లి జరిగినా ఆ పాట దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్లు కూడా మాటలాపేవాళ్లు. ఆమె వీధిలోని పిల్లలకు పాశురాలు నేర్పింది గానీ పెళ్లిపాటలు నేర్చుకుంటామని ఎవరూ రాలేదు. ముకుందం చెల్లెలి కూతురు శ్రీరంజని ఒక్కతే ప్రతి సెలవుల్లోనూ "ఈసారి నేర్చుకుంటానత్తా" అనేది. ఆ సెలవులు మామిడిపండ్లతోనే అయిపోయేవి.

రెండువేల ఆరులో కుముదవల్లి గొంతులో గడ్డ లేచింది. తీయక తప్పదన్నారు. తీసేటప్పుడు మాట నరం దెబ్బ తినవచ్చని డాక్టరు ముందే, దాచకుండా చెప్పాడు. ఇంటికొచ్చి ముకుందం కూలబడిపోయాడు. కుముదవల్లి మాత్రం శ్రీరంజని అన్న శేషసాయిని పిలిపించింది. ఆ పిల్లవాడు కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతాడు. తన పాత కంప్యూటర్ తెచ్చి ముందుగదిలో పెట్టి, మైకు తగిలించాడు. ఆమె మధ్యాహ్నాలు తలుపులు మూసుకుని అవ్వ పాటలన్నీ పాడింది. కాకులరుపులు, పక్కింటి కుక్కర్ ఈలలు కూడా అందులో పడ్డాయి. "పోనీరా, కుక్కర్ శ్రుతిలోనే ఉండాది" అందామె.

ఆపరేషన్ బాగానే జరిగింది, గడ్డ పోయింది. దాంతోపాటు గొంతూ పోయింది. పెదవులు కదిలితే ఊపిరి మాత్రం వచ్చేది. దగ్గర చెవి పెడితే మాట తెలిసేది గానీ పాట ఎక్కడిది? మాటలు కావాలంటే కాగితం మీద రాసిస్తుంది, అవ్వ కట్టిన ఆ వరసను దేనిమీద రాస్తుంది? ఇక ఆమె పాటంటే ముందుగదిలోని కంప్యూటరే.

తర్వాతి వేసవిలో అదీ చచ్చింది. ముకుందం దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో ధర్మేంద్ర అంగడికి తీసుకుపోయాడు. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ధర్మేంద్ర దాన్ని విప్పి చూసి తల ఎత్తాడు.

"బోర్డు కాలిపోయిండాది సామీ. పాటలుండే డిస్కుకు ఏం కాలేదు. దీన్ని ఎత్తి ఒక కేసింగులో పెట్టుకున్నావంటే ఏ కంప్యూటర్‌కైనా వైరుతో తగిలించుకోవచ్చు."

"ఏ కేసింగులో?" అన్నాడు ముకుందం. పాపం ధర్మేంద్రకు ఈ మనిషి సంగతి తెలియదు. మూడు డబ్బాలు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఈ తెల్లది సూసేదానికి బాగుంటాది. ప్లాస్టిక్కు. లోపల వేడి లోపలే ఉంటాది. ఈ రేకుది పర్వాలేదు, కాకపోతే డిస్కుకూ రేకుకూ నడుమ సందుండాది, వేడి బయటికి రాదు. ఈ నల్లది అల్యూమినియం. డిస్కును దీని ఒంటికే బిగించేస్తాం, వేడంతా పైకొచ్చేస్తాది. ముందర బెజ్జాలు, ఎనకాల ఫ్యాను. ఇట్ల పీల్చి అట్ల వదల్తాది. డిస్కుకు వేడే శత్రువు సామీ, మన ఊరి ఎండలకు ఇదే మేలు."

"ఫ్యాను నిలబడిపోతే?"

"సప్పుడు ఆగిపోతాది గదా, తెలిసిపోతాది."

"చప్పుడు నాకు వినపడకపోతే?"

ధర్మేంద్ర టీ తెప్పించాడు. అప్పటి నుంచి ముకుందం రోజూ ఆఫీసు నుంచి నేరుగా ఆ అంగడికే వచ్చేవాడు. ఏదో పాత డిస్కును ఒక్కో డబ్బాలో పెట్టించి, తిప్పించి, జ్వరం చూసినట్టు అరచెయ్యి పెట్టి చూసేవాడు. ఆఫీసులో పక్కసీటు తిరుమలయ్యను సలహా అడిగితే ఫ్రిజ్జులో పెట్టుకోమన్నాడు, దానిమీద కూడా ఒక సాయంత్రం ఆలోచించాడు. మూడింట్లో నల్లదే చల్లగా ఉంటుందని మొదటిరోజే తేలింది. కానీ అది నలుపు. ఇంట్లో మంచి వస్తువు పెట్టుకునేది నల్ల పెట్టెలోనా అని అతని మనసు పీకింది. తెల్లదాని వైపు చూసేవాడు, మళ్లీ చెయ్యి పెట్టేవాడు, కాలేది. చివరికి ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక వస్తువును తనే, సరిగ్గా ఎంచుకున్నాడు. నల్లదే తీసుకున్నాడు.

స్క్రూలు బిగిస్తూ ధర్మేంద్ర ఇంకో మాట చెప్పాడు. "కేసింగు ఎంత మంచిదైనా డిస్కు తిరిగే వస్తువు సామీ, ఒకనాటికి నిలబడేదే. పాటల్ని ఇంకోదాంట్లోకి కూడా ఎక్కించి పెట్టుకో."

"వద్దబ్బా," అన్నాడు ముకుందం. "రెండుంటే ఏది మంచిదో, దేన్ని దాచాలో, దేన్ని వాడాలో, మళ్లీ నాకు అదే పట్టుకుంటాది. ఒకటే ఉండనీ. కంటికి రెప్పలాగా చూసుకుంటాను."

అతను చేసిన తప్పేదైనా ఉంటే ఇదే. నవ్వు వస్తుంది, కోపమూ వస్తుంది. ఏం చేస్తాం, ఆ మనిషి అంతే.

చూసుకోవడం మాత్రం నిజంగానే చూసుకున్నాడు. కిటికీ దగ్గర రెండు కట్టె ముక్కల మీద పెట్టెను ఎత్తిపెట్టాడు, అడుగు నుంచి కూడా గాలి ఆడాలని. దాని మీద కాగితం కూడా పెట్టనిచ్చేవాడు కాదు. పాటల్ని తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తానన్న శేషసాయికీ వద్దనే చెప్పాడు. సాయంత్రం అతను దాన్ని తెచ్చి తగిలిస్తే కుముదవల్లి గోడకు ఆనుకుని తన పాటలు తనే వినేది. ముకుందం పెట్టె పక్కనే అరచెయ్యి ఆనించుకుని కూర్చునేవాడు. ఆమె పెదవులు కదిలేవి.

"కాలతా ఉండాదా?"

"లేదు. చల్లగానే ఉండాది."

పాట కంటే అతను ఆ ఫ్యాను చప్పుడే ఎక్కువ విన్నాడని చెప్పాలి.

ఆ మరుసటి వైశాఖంలో శ్రీరంజనికి పెళ్లి కుదిరింది. "అత్త పాటలు లేకుండా నేను పీటల మీద కూర్చోను" అందా పిల్ల. తిరుచానూరు రోడ్డులో మండపం. తెల్లవారుజాము నుంచే వేదిక పక్కన చిన్న బల్ల వేసి, ల్యాప్‌టాప్, దాని పక్కన నల్ల పెట్టె పెట్టారు. నలుగు పాట మోగింది. గొంతు లేని కుముదవల్లి పట్టుచీర కట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే, ఆమె గొంతు మండపమంతా తిరిగింది. కొందరు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ముకుందం మొహం వెలిగిపోయింది.

అప్పుడు పెళ్లికొడుకు మేనత్త వేదవల్లమ్మ వచ్చింది. పెద్దావిడ, మంచి మనిషే. పెట్టెను చూసి నొసలు ముడిచింది.

"ముహూర్తం పీటల పక్కన నల్ల వస్తువేమి నాయనా? తీసేయండి."

"తీస్తే పాట రాదమ్మా," అన్నాడు శేషసాయి.

"అయితే కప్పండి. ఇంత మంది చూస్తా ఉంటే నలుపు కనబడకూడదు."

ఆమె మాటలో తప్పేమీ లేదు. పెళ్లింట్లో నలుపు కంట పడకూడదని ముకుందం వాళ్ల ఇంట్లోనూ పాటించేదే, అంగడిలో అతని మనసు పీకిందీ దానికే. అయినా నోరు తెరిచాడు. దీనికి గాలి కావాలి, బెజ్జాలు మూయకూడదు అని చెప్పాలి. మగపెళ్లివాళ్ల పెద్దావిడ, శుభమా అని పెళ్లి జరుగుతుంటే, ఒక డబ్బా కోసం ఎదురు చెప్పడమా? ఆవిడే పసుపుపచ్చ పట్టు ఉత్తరీయం ఒకటి ఇచ్చింది. ముకుందం దాన్ని పైన మాత్రం పరిచి, ముందూ వెనకా తెరిచి ఉంచాడు. ఫ్యాను తిరుగుతున్నదో లేదో చెవి పెట్టి విన్నాడు. తిరుగుతోంది.

"మేనమామ యాడ? పెండ్లికూతురిని తీసుకురావాల!" పురోహితుడు కేక వేశాడు.

మేనమామ ముకుందమే. పోక తప్పదు. లోపలికి పోయి, శ్రీరంజనిని మేళతాళాలతో తీసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టి, పక్కనే నిలబడి బల్ల వైపు చూశాడు. ఎవరో పుణ్యాత్ములు ఉత్తరీయం అంచుల్ని నాలుగు వైపులా పెట్టె కిందికి చక్కగా మడిచి దోపారు. పైన కుంకుమ బొట్టు పెట్టి, మల్లెపూల చెండు కూడా ఉంచారు. పవిత్రమైన గ్రంథాన్ని చుట్టినట్టు, ఎంతో భక్తిగా చుట్టారు.

కదలడానికి లేదు. హారతి అయ్యేదాకా పిల్ల పక్కనే ఉండాలి. పురోహితుడు చేతిలో ఏదో పెడతాడు, ఏదో అనమంటాడు. ముకుందం శేషసాయి కేసి చూసి చేత్తో సైగ చేశాడు, గుడ్డ ఎత్తమని. సౌండు పెంచమంటున్నాడు అనుకుని శేషసాయి పెంచాడు. మళ్లీ సైగ చేశాడు. ఇంకా పెంచాడు. ఎదురుగా హోమం మండుతోంది. బయట మేనెల ఎండ. వెనక గెట్టిమేళం. ఆ మోతలో ఫ్యాను చప్పుడు ఏ చెవికి వినబడుతుంది? అరచెయ్యి పెట్టి చూద్దామంటే చెయ్యి పిల్ల భుజం మీద ఉంది. ముకుందానికి కళ్ల వెంబడి నీళ్లు కారాయి. మేనమామ ప్రేమ చూడండని పక్కనున్నవాళ్లు చెప్పుకున్నారు.

ఊంజల పాట అయింది. తలంబ్రాల పాట అయింది. కుముదవల్లి హారతి పళ్లెం పట్టుకుని ముందుకొచ్చింది.

"కొండ దిగి వచ్చినావు, కాళ్లు నొచ్చెనేమో, కూర్చుండవయ్యా..."

జనం మాటలాపేశారు. "కూర్చుండవయ్యా" దగ్గరే పాట చిక్కుకుంది. కూర్చుండ, కూర్చుండ, అని ఎక్కిళ్లు పట్టినట్టు నాలుగైదుసార్లు అని ఆగిపోయింది. మండపమంతా కుముదవల్లి వైపే చూసింది. ఆమె పళ్లెం ఆపలేదు. అదే లయలో తిప్పుతూనే ఉంది, పెదవులు కదులుతూనే ఉన్నాయి, స్వామి కూర్చున్నాక ఏమైందో మిగతా చరణాలన్నీ ఊపిరితో పాడుతూనే ఉంది. మూడడుగుల దూరంలో ఉన్న ముకుందానికి కూడా ఒక్క ముక్క వినబడలేదు. నాదస్వరం వాళ్లు చూసి చూసి, అశుభం కాకూడదని తామే అందుకున్నారు.

ముకుందం అప్పటికి పోయి గుడ్డ లాగాడు. పెట్టె చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. ఉత్తరీయం జరీపోగు ఒకటి ఫ్యాను రెక్కలకు చుట్టుకుని దాన్ని ఎప్పుడో బిగించేసింది.

మరునాడు అంగడిలో ధర్మేంద్ర పెట్టె విప్పి, డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల టిక్కు టిక్కుమంటోంది. శేషసాయి దాన్ని మద్రాసు తీసుకుపోయాడు. అక్కడివాళ్లు డిస్కు లోపల పాటలుండే పళ్లెం గీసుకుపోయింది, ఇక ఏమీ రాదని తిప్పి పంపారు.

 కుముదవల్లి హారతి పాట మాటలన్నీ కాగితం మీద రాసి ముకుందం చేతికిచ్చింది. ఇన్నేళ్లు విన్నాడు గదా, వరస అతనికి రాకుండా ఉంటుందా? అతనూ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "కూర్చుండవయ్యా" దాకా వచ్చింది. తర్వాతి చరణం ఒకలాగ పాడాడు, కాదేమో అనిపించి ఇంకోలాగ పాడాడు.

"ఇట్లనా కుముదా, అట్లనా? ఏది?"

ఆమె చేత్తో గాలిలో ఏదో చూపించింది, పైకి, కిందికి. అతనికి అర్థం కాలేదు. మళ్లీ రెండు విధాలుగానూ పాడాడు. ఆమె అతన్ని కాసేపు చూసి, మొదటిదానికి తల ఊపింది. రెండోదానికీ ఊపింది. రెండూ కావని అతనికి అప్పుడు తెలిసింది.

కాగితం మడిచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. రెండు కట్టె ముక్కల మీద నల్ల పెట్టెను మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు, ఎందుకో అతనికే తెలియదు. పక్కన కూర్చుని అలవాటుగా అరచెయ్యి ఆనించాడు. గోడకు ఆనుకున్న కుముదవల్లి పెదవులు కదిలాయి, అంత దూరం నుంచి కూడా ఆ మాట అతనికి తెలుసు.

"కాలతా ఉండాదా?"

"లేదు," అన్నాడు ముకుందం. "చల్లగానే ఉండాది."