చావడి పక్కన మాకు ఇల్లు లేదు

కడపలో ఇల్లు వెతకడమంటే నీళ్ళు, బడి, బస్సు చూసుకోవడమే అనుకున్నాను. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరమని ఉత్తరం వచ్చింది కదా, ఇక మమ్మల్ని ఎవరేం అడుగుతారులే అని కూడా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చేరిన రోజే మా శాఖలో ఒక పెద్దాయన కాగితం మీద ఊరి పటం గీసిచ్చాడు. నా ఉద్యోగం ఏ కోటాలో వచ్చిందో ఆయనకు నాకంటే బాగా గుర్తుంది. "ఈ పక్క పోవద్దమ్మా, మీకు ఈడ దొరకదు. రైల్వే గేటు అవతలైతే మీవాళ్ళు శానామంది ఉండారు, మీకు బాగుంటాది" అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడట. నాకు ఒళ్ళు మండింది. ఆదివారం పట్టుబట్టి ఆయన పోవద్దన్న పక్కకే పోయాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి.

మూడో ఇల్లు నచ్చింది. బేతంచెర్ల బండలు పరిచిన చల్లటి హాలు, రోజూ నీళ్ళొచ్చే కొళాయి, వీధి చివరే బడి. హైస్కూలుకు నేను రోజూ మూడు మైళ్ళు ఎండలో నడిచాను. నా కూతురు నడవకూడదని నా పంతం. అది అప్పుడే కిటికీ గట్టెక్కి కూర్చుని, ఇది నా చోటని చెప్పేసింది.

ఇంటామె మైదుకూరు పక్క మనిషి. మజ్జిగ ఇచ్చింది, నన్ను మేడమ్ అంది. ఆ తర్వాత మొదలైంది. మా సీమలో మర్యాదస్తులు కులం నేరుగా అడగరు. ఊరడుగుతారు. ఊరు చెప్పాక ఆ ఊర్లో మీ ఇల్లు ఏ పక్కన అంటారు. పల్లెలో ఏ వీధిలో ఎవరుంటారో అందరికీ తెలుసు కాబట్టి ఇక వేరే అడగక్కర్లేదు.

"ఆదోని కాడ ఆ ఊరా! మా వియ్యంకులు ఆ ఊరోళ్ళే. మీ ఇల్లు యా పక్కప్పా?" అని మా ఆయన్ని అడిగింది.

"చావడి పక్కనే" అన్నాడు మా ఆయన.

చావడి పక్కన ఉండేవి భూములున్న వాళ్ళ మిద్దెలు. మా ఇల్లు ఊరి బయట, వాన నీళ్ళు పారే వంక దాటాక మా పేటలో. ఆ చావడి అరుగు మీద మా మామను ఒక్కనాడూ కూర్చోనివ్వలేదు. ఎండకు అలిసి అన్నాడో, మజ్జిగకు మెత్తబడి అన్నాడో, మా ఆయన ఆ మాట అనేశాడు. ఇంటామె ముఖం విప్పారింది. "అట్ల చెప్పండి, మనోళ్ళే" అంటూ తాళంచెవి చేతిలో పెట్టింది. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. నాకూ ఆ ఇల్లు కావాలి మరి.

ఆటో ఎక్కాక అమ్మాయి అడిగింది. "నాయనా, మన ఇల్లు చావడి కాడ లేదు కదా?"

"ఊరికే అన్నాలేమ్మా."

"మరి ఆమె నన్నడిగితే? నేను కూడా చావడి కాడనే అని చెప్పల్లా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయన మీద, ఆ మజ్జిగ మీద, అన్నిటికంటే నా మీద. నా బిడ్డ ఆ కిటికీలో కూర్చోవాలంటే వాళ్ళ తాత ఇంటిని రోజూ దాచిపెట్టాలి. ఆటో వెనక్కి తిప్పమన్నాను.

"నీకేమన్నా పిచ్చా? ఇంకా ఎన్ని ఇండ్లు తిరగల్ల, ఈ ఎండలో?" అన్నాడు మా ఆయన.

"ఎన్నైనా తిరుగుదాం" అని ఆయన చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాను.

గేటు దగ్గరే నిలబడి చెప్పాను, మా ఇల్లు చావడి పక్కన కాదు, వంక అవతల పేటలో అని. ఆమె ఒకసారి ఇంట్లోకి తిరిగి చూసింది.

"మాకట్లాంటి పట్టింపులేం లేవమ్మా. మా అత్త ఉండాది, ముసలామె, ఆమెతోనే కష్టం. పైగా మా అన్న కొడుకు ఈ ఇంట్లోకే వస్తానని ఇప్పుడే ఫోన్ చేసినాడు" అంది. మేడమ్ అనే మాట ఎటు పోయిందో పోయింది. తాళంచెవి ఇవ్వబోతే చెయ్యి చాపలేదు, గోడ మీద పెట్టమంది.

వందమంది ముందు గంటసేపు పాఠం చెప్పే నోరు నాది. అక్కడ ఒక్క మాట పెగల్లేదు. గోడ మీద పెట్టి వచ్చేశాను. ఆ తాళంచెవి ఆమె ముఖాన కొట్టి రానందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆ పక్క ఇంకో ఆరిళ్ళు చూశాం. ఆరింట్లోనూ ఊరు, ఆ పైన ఏ పక్క. చివరికి రైల్వే గేటు అవతలే దొరికింది. "నేను ముందే చెప్పలేదామ్మా" అని పెద్దాయన నవ్వాడు. నీళ్ళు రెండు రోజులకోసారి వస్తాయి. బడికి రెండు బస్సులు మారాలి.

మొన్న బడి గేటు దగ్గర, మా అమ్మాయి తరగతి పిల్ల వాళ్ళమ్మ పలకరించింది. మాది ఏ ఊరో అడిగింది, చెప్పాను. తర్వాత అమ్మాయి గడ్డం పట్టుకుని, "ఊర్లో మీ ఇల్లు యా పక్క పాపా?" అంది.

"ఊరి బయట. వంక దాటినాక, పేటలో" అంది మా అమ్మాయి. అని ఊరుకోలేదు, తలెత్తి అడిగింది. "మీది యా పక్క?"

ఆమె గడ్డం మీద చెయ్యి తీసేసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాను, తిరిగి అడగొచ్చని నాకు ఒక్కసారీ తోచలేదు.