ఉతికిన ముక్కలు

ఏళ్ల తరబడి ఇస్త్రీ దుకాణంలో నిలబడిన మనిషి కనుక అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనే పిలిచేవారు. ఆ అక్కకు చేతులు చచ్చుబడుతున్నాయి. మొదట సూది జారింది, తర్వాత గ్లాసు, ఆపైన చీర కుచ్చిళ్లు. చేతులతో మొదలైంది ఊపిరి దాకా వస్తుందని డాక్టరు దాచకుండా చెప్పాడు. ఆమె తన గురించి ఏడవలేదు. ఏడుపంతా తమ్ముడి గురించే.

వాడికి ఒళ్లు పెరిగింది గానీ బుద్ధి నాలుగేళ్ల దగ్గరే ఆగిపోయింది. అక్క కొంగు ముక్కు దగ్గర లేనిదే నిద్రపోడు. మందులూ పూతలూ మొదలయ్యాక ఆమె ఒంటి వాసనే మారిపోయింది. వాడు ఆమె పక్కకు రావడం మానేసి, ఆమె ఎప్పుడో విడిచిన చీరల్ని వాటేసుకుని పడుకుంటున్నాడు. వాణ్ణి చేర్చుకుంటామన్న ఆశ్రమం వాళ్లు విడి చీరలు కుదరవన్నారు, మెడకు చుట్టుకుంటాడని భయం. బొంతయితే సరేనన్నారు. అందుకే ఉతక్కుండా దాచిన ఆ చీరలన్నిటినీ పక్కింటావిడ చేత ముక్కలు కోయించి మూట కట్టింది.

ఇక కుట్టాల్సింది వదిన. చుట్టుపక్కల ఊళ్ల బొంతల వాళ్లంతా ఏడాదికోసారి ఒక హాల్లో చేరతారు. వాళ్లందరికీ పెద్ద దిక్కు ఆవిడే, అందరికీ వదినే. అక్క వెళ్లేసరికి కబుర్లతో హాలు కప్పు లేచిపోయేలా ఉంది. సూదుల కంటే నాలుకలే చురుగ్గా ఆడుతున్నాయి.

"వదినా, నీతో ఓ మాట చెప్పాలి."

"ఒకటేం ఖర్మ, వంద చెప్పు. ముందు ఈ మహాతల్లి వంకర కుట్లు విప్పనీ!"

ఈలోగా ఎవరో తమ బొంత చూద్దువు రమ్మని అక్కను లాక్కుపోయారు. బరువు మోయలేక మూటను దగ్గర్లో ఉన్న బల్ల మీద పెట్టింది. అది ముక్కల బల్ల. దాని మీద పెట్టిన బట్ట అందరిదీ. కుట్టేముందు వేడినీళ్లలో సబ్బుతో జాడించడం వాళ్ల పద్ధతి, రంగు దిగేదేదో అక్కడే దిగిపోవాలని.

తిరిగొచ్చి చూస్తే మూటగుడ్డ ఒక్కటే ఉంది. పెరట్లో నురగ పొంగుతున్న తొట్టి చుట్టూ నలుగురు ఆడవాళ్లు.

"ఎవరివో గానీ తల్లీ, వీటికి నీళ్ల మొహం చూపించి ఎన్నాళ్లయిందో!" అంది ఒకావిడ.

"నావే" అంది అక్క.

ఆవిడ నాలుక కరుచుకుంది. "అయ్యో, చెప్పొద్దూ! ఒక్క ముక్కా పోలేదక్కా. చూడు, అద్దంలా చేశాం."

అక్క మెట్టు మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. శుభ్రం చేస్తే ఏడ్చే మనిషిని వాళ్లు అంతకుముందు చూడలేదు. వదిన వచ్చి పక్కన కూర్చుంటే, అప్పుడు చెప్పింది అంతా. చేతుల సంగతీ, తమ్ముడి సంగతీ.

వదిన లేచి, "రండే, అందరూ రండి" అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఆవిడకూ తెలుసు. అయినా కుట్టడం తప్ప ఆవిడకు మరేం చేతనవును? ముక్కలు ఎండలో ఆరగానే హాలంతా ఒకే బొంత చుట్టూ కూర్చుంది. జోకులు లేవు, కబుర్లు లేవు. సాయంత్రానికి బొంత పూర్తయింది. నిజం చెప్పాలంటే అంత చక్కటి పనితనం ఆ హాల్లో ఎప్పుడూ చూడలేదు. బస్సు దాకా వచ్చి, అక్క ఒళ్లో పెట్టి సాగనంపారు.

ఇంటికి రాగానే తమ్ముడు ఆత్రంగా బొంత లాక్కున్నాడు. ముక్కుకు ఆనించుకున్నాడు. తిరగేశాడు. ఒక్కో ముక్కనూ వెతికినట్టు వాసన చూశాడు. తర్వాత దాన్ని కింద పడేసి, ఎదురుగా నిలబడ్డ ఆమెనే అడిగాడు.

"అక్క ఏదీ?"

"ఇక్కడే ఉన్నాన్రా, నాన్నా."

వాడు ఆమెను దాటుకుని వెళ్లి, గుమ్మంలో నిలబడి వీధి వైపు చూస్తున్నాడు.